మిషన్ సేవకు విదేశం వెళ్తున్నారా? నాలుగుసార్లు వెళ్ళివచ్చిన నర్సు మాట

పశ్చిమ కెన్యాలో ఒక పల్లె బడి. పక్కనే చిన్న చర్చి, దాని వెనక రెండు గదుల క్లినిక్. మా బృందానికి అప్పగించిన పని బడి గోడలకు రంగు వేయడం. పాత రంగు గీకుతుంటే గోరంత పెచ్చు ఊడి నా అరచేతిలో పడింది. అంచు చూస్తే పొరలు పొరలుగా ఉంది. పైన నీలం, దాని కింద పసుపు, మళ్ళీ నీలం, అడుగున లేత ఆకుపచ్చ. పక్కనే ఉన్న కాపలాదారుకు చూపించాను. ఆయన ఒక్కో పొరనూ వేలితో తాకుతూ చెప్పాడు: "ఇది పోయినేడు వచ్చినవాళ్ళది, ఇది అంతకుముందు ఏడాది వచ్చినవాళ్ళది, ఇది ఆ ముందువాళ్ళది." అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఏదో ఒక పని చూపించాలి కాబట్టి ఆ గోడ ఏటా కొత్త రంగు పూయించుకుంటోంది. మర్యాదస్తులు కనుక వాళ్ళు మాకు ఆ మాట చెప్పలేదు. మేమూ అడగలేదు.

అది నా మొదటి మిషన్ ప్రయాణం. తర్వాత మరో మూడుసార్లు వెళ్ళాను, అందులో రెండుసార్లు అదే క్లినిక్‌కు. నా వృత్తి నర్సు పని. రంగు బ్రష్షు కన్నా రక్తపోటు చూసే పరికరం నా చేతికి బాగా అలవాటు. మొదటిసారి ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. ఇప్పుడు మా సంఘం నుంచి ఎవరైనా వెళ్తామంటే పాస్టరుగారు ముందు నా దగ్గరికి పంపుతారు. వచ్చి కూర్చోగానే అందరూ అడిగేది ఒకటే: "అక్కా, ఏమేం సర్దుకోవాలి?" పెట్టె సంగతి తర్వాత. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయి.

పిలిచింది ఎవరు?

దేవుడు పిలిచాడు, హృదయంలో భారం కలిగింది అంటాం. కాదనను. అయితే అక్కడివాళ్ళు కూడా పిలిచారా? పౌలు మాసిదోనియకు ప్రయాణం కట్టింది అక్కడి మనిషి ఒకడు వచ్చి సహాయం చేయమని వేడుకుంటున్నట్టు దర్శనం కలిగిన తర్వాతే. మనలో చాలామంది ముందు టికెట్లు కొని, ఆపైన చేయడానికి పని వెతుక్కుంటాం.

కాబట్టి మిమ్మల్ని పంపే సంస్థతో మాట్లాడడం ఒక్కటే చాలదు. మిమ్మల్ని చేర్చుకునే సంఘంతోనో క్లినిక్‌తోనో స్వయంగా ఫోనులో మాట్లాడండి. మూడు ప్రశ్నలు అడగండి. మేము రాకముందు ఈ పని ఎవరు చేస్తున్నారు? మేము వెళ్ళిపోయాక ఎవరు చేస్తారు? మా ప్రయాణ ఖర్చు మీ చేతికే ఇస్తే దానితో ఏం చేస్తారు? మూడో ప్రశ్న అడగడానికి నోరు రాదు, నాకూ రాలేదు. మూడోసారి వెళ్ళేముందు ధైర్యం చేసి అడిగాను. క్లినిక్ నడిపే సిస్టర్ కాసేపు మౌనంగా ఉండి, "ఇద్దరు అమ్మాయిలను నర్సింగ్ చదివిస్తాను" అంది. 12 మంది వెళ్ళవలసిన బృందాన్ని 5 మందికి తగ్గించాం. మిగిలిన టికెట్ల డబ్బు ఆ అమ్మాయిల ఫీజుకు వెళ్ళింది. వెళ్ళలేకపోయిన ఏడుగురిలో ఇద్దరు నాతో చాలాకాలం సరిగా మాట్లాడలేదు. అదీ చెప్పాలి కదా.

ఎవరి ద్వారా వెళ్ళాలన్నది మీ చేతిలో ఎంత సమయం ఉందో దాన్నిబట్టి ఉంటుంది. రెండు వారాలే దొరికితే మీ సంఘానికి ఏళ్ళ తరబడి పరిచయం ఉన్న చోటికే వెళ్ళండి, కొత్త చోటు వద్దు. ఐదారు నెలలు ఇవ్వగలిగే యువతీయువకులకు 1960లో మొదలైన యూత్ విత్ ఎ మిషన్ వంటి సంస్థలు శిష్యత్వ శిక్షణ ఇస్తాయి. కొన్ని నెలలు తరగతులు, తర్వాత కొన్ని నెలలు పరిచర్య. అక్కడ సేవకులకు జీతం ఉండదు, ఎవరి పోషణ వాళ్ళే సమకూర్చుకోవాలి. చేతిలో పనితనం ఉన్నవాళ్ళకు నేను ఎప్పుడూ చెప్పేది 1978లో ప్రారంభమైన మెర్సీ షిప్స్ గురించి. ఆఫ్రికా రేవుల్లో లంగరు వేసి ఉచితంగా శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రి ఓడలవి. డాక్టర్లూ నర్సులూ మాత్రమే అయితే ఓడ నడవదు. వంటవాళ్ళు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, సిబ్బంది పిల్లలకు చదువు చెప్పే టీచర్లు కూడా కావాలి. "నాకు వాక్యం చెప్పడం రాదు" అని వెనకాడేవాళ్ళను చూస్తే నాకు ఇంకా సంతోషం. పైపు బిగించడం వస్తే చాలు, రండి అంటాను.

అనాథాశ్రమం అన్నారా? ఆగండి

ఎక్కువమంది కోరుకునే పని ఇదే. పిల్లలతో ఆడి, పాటలు నేర్పి, ఫోటోలు దిగి రావడం. నేను రెండోసారి వెళ్ళినప్పుడు చేసిందీ ఇదే. అది వేరే దేశం, వేరే సంస్థ. నాలుగేళ్ళ పాప మొదటి గంటలోనే నా నడుము కరుచుకుని వదల్లేదు. ఎంత ప్రేమో అని మురిసిపోయాను. తొమ్మిదో రోజు మేము బస్సు ఎక్కుతుంటే ఆ పాప ఏడవలేదు. గేటు దగ్గర నిలబడి, లోపలికి వస్తున్న మరో బృందం వైపు చేతులు చాచింది. నర్సుగా పిల్లల వార్డులో చాలాకాలం పనిచేశాను. కొత్త మనిషి కనబడగానే ఎత్తుకోమనే పిల్లను చూసి మురిసిపోకూడదని నాకు తెలిసి ఉండాలి.

ఆశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. కటిక పేదరికం వాళ్ళను అక్కడికి చేరుస్తుంది. సందర్శకుల కానుకలతో ఆశ్రమం నడుస్తుంటే, పిల్లలను ఇళ్ళకు పంపడం దాన్ని నడిపేవాళ్ళకు నష్టం. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత పదిమంది అమెరికన్ మిషన్ సేవకులు 33 మంది పిల్లలను సరైన పత్రాలు లేకుండా సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. తీరా విచారిస్తే ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు ఉన్నారు. ఆ పదిమందీ చెడ్డవాళ్ళని నేను అనుకోను. మంచి చేస్తున్నామన్న నమ్మకం అడగవలసిన ప్రశ్నను మింగేసింది.

పిల్లలకే సేవ చేయాలనుకుంటే కుటుంబాలు విడిపోకుండా చూసే పనిలో చేరండి. బడి ఫీజులు, తల్లులకు చేతిపని, పగటిపూట పిల్లలను చూసుకునే కేంద్రాలు ఇలాంటివే. ఏ పనిలో చేరినా, మిమ్మల్ని పిల్లల దగ్గరికి పంపేముందు పోలీసు ధ్రువపత్రం అడిగే సంస్థనే నమ్మండి. పిల్లలతో ఏ పెద్దా ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందా అని అడగండి. ఆ ప్రశ్నకు నొచ్చుకుంటే అక్కడికి వెళ్ళకండి.

కాగితాలు, చట్టం

పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తర్వాత కనీసం ఆరు నెలలు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. అది అందరికీ తెలిసిందే. ఎక్కువమంది చూడనిది వీసా రకం. పర్యాటక వీసా మీద వెళ్ళి బోధించడం, వైద్యం చేయడం, చివరికి జీతం లేని సేవ చేయడం కూడా కొన్నిచోట్ల నేరమే. "అందరూ ఇలాగే వెళ్తారు, ఏమీ కాదు" అని పంపేవాళ్ళు చెబితే ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇవ్వరు.

మత ప్రచారం మీద చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి. నేపాల్‌లో 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించడం నేరం. ఐదేళ్ళ వరకూ జైలు, 50,000 నేపాలీ రూపాయల వరకూ జరిమానా. విదేశీయులైతే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపేస్తారు. మనం పట్టుబడితే మన సంస్థ ఏదోవిధంగా బయటికి తెచ్చుకుంటుంది. మనకు అన్నం పెట్టి ఇంట్లో ఉంచుకున్న అక్కడి విశ్వాసి మాత్రం ఆ ఊళ్ళోనే బతకాలి. ధైర్యం ప్రదర్శించాలనిపించినప్పుడు ఆ ఇల్లు గుర్తు చేసుకోండి.

డాక్టర్లూ నర్సులూ మరో మెట్టు ఎక్కాలి. మీ దేశపు రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. ఆ దేశపు మెడికల్ లేదా నర్సింగ్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. నెలలు పడుతుంది, కాబట్టి ముందే మొదలుపెట్టండి. చదువుకునే విద్యార్థి తన దేశంలో చేయడానికి అనుమతి లేని పని ఏదీ అక్కడా చేయకూడదు. కుట్లు వేయడం నేర్చుకోవడానికి పేదవాడి చేయి దొరికింది కదా అనుకోవడం పాపమని నా అభిప్రాయం.

డబ్బు, టీకాలు

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు. విమాన టికెట్టు, వీసా, టీకాలు, బీమా, అక్కడి భోజనం, బస, రవాణా, అనువాదకుడి జీతం, ఇవన్నీ విడివిడిగా రాయండి. అనువాదకుడికి జీతం ఇవ్వాలని చాలామందికి తోచనే తోచదు. విశ్వాసి కదా, ఊరికే చేస్తాడనుకుంటారు. ఆ వారమంతా ఆయన సొంత పని మానుకుని మీ వెంట తిరుగుతున్నాడు. మొత్తం మీద పదోవంతు అత్యవసరాలకు వేరుగా ఉంచండి. సంఘంలో కానుకలు అడిగేటప్పుడు సొంత ఖాతాలో వేయించుకోవద్దు, సంఘం ఖాతా ద్వారానే రానివ్వండి. తిరిగి వచ్చాక లెక్క కాగితం నోటీసు బోర్డు మీద పెట్టండి.

టీకాల కోసం ఆరేడు వారాల ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) టీకా గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే వేస్తారు. ధ్రువపత్రం వేసిన పది రోజులకు గానీ చెల్లదు. 2016 జూలై నుంచి ఒకసారి వేసుకున్నది జీవితాంతం చెల్లుతుంది. 60 దాటినవాళ్ళు మొదటిసారి వేసుకోవాలంటే డాక్టరుతో వివరంగా మాట్లాడాలి. ఆ కాగితం వెళ్ళేటప్పుడే కాదు, తిరిగి వచ్చేటప్పుడు కూడా అడగవచ్చు, పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. మలేరియా మాత్రలు అక్కడ దిగాక వేసుకుందామంటే కుదరదు. డాక్సీసైక్లిన్ అయితే వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక నాలుగు వారాలు వాడాలి. ఇల్లు చేరాక రెండో వారంలో మానేసేవాళ్ళను ఎంతమందిని తిట్టానో. కుక్క కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, రెండు నిమిషాలే 15 అనిపిస్తాయి. ఆ వెంటనే టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళండి, ప్రార్థన దారిలో చేయవచ్చు.

నా లెక్కలో పాముకన్నా దోమకన్నా రోడ్డు ఎక్కువ ప్రమాదం. రాత్రి ప్రయాణం వద్దు. హెల్మెట్ లేకుండా మోటారుసైకిలు వెనక ఎక్కవద్దు. చాలా బీమా పాలసీలు ద్విచక్ర వాహన ప్రమాదానికి డబ్బు ఇవ్వవు. ఆ చిన్న అక్షరాలు చదవండి. అత్యవసరంగా వేరే దేశపు ఆసుపత్రికి తరలించే ఖర్చు పాలసీలో ఉందో లేదో కూడా చూడండి.

అక్కడికి చేరాక

మొదటి మూడు రోజులు ఏమీ బాగుచేయకండి. చూడండి, పేర్లు నేర్చుకోండి. కెన్యాలో సంఘానికి ముందుగా చెప్పవలసింది "బ్వానా అసిఫీవే", అంటే ప్రభువుకు స్తోత్రం. జవాబుగా అందరూ "ఆమెన్" అంటారు. ఆ రెండు మాటలకు తెరుచుకునే తలుపులు గంట ప్రసంగానికి తెరుచుకోవు. ఆదివారం కొత్తవాళ్ళను ముందుకు పిలిచి మాట్లాడమంటారు, కాబట్టి రెండు నిమిషాల పలకరింపు సిద్ధంగా ఉంచుకోండి. పొట్టి వాక్యాలు, ఒక్కో వాక్యానికీ ఒకే సంగతి. సామెతలు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళండి. నేను ప్రయాణపు బడలిక గురించి సరదాగా మొదలుపెడదామని, తల ప్రాణం తోకకు వచ్చిందన్న మాటను అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. తర్జుమా చేస్తున్న పాస్టరుగారు ఆగిపోయారు. నావైపు వంగి మెల్లగా "ఎవరి తోక?" అని అడిగారు. నాదే అన్నాను. ఆయన కాస్త ఆలోచించి స్వాహిలీలో రెండు ముక్కలు చెప్పారు. సంఘమంతా గట్టిగా "ఆమెన్" అంది. ఏం చెప్పారని తర్వాత అడిగితే, "సిస్టర్ అలసిపోయారు, ఆమె కోసం ప్రార్థించండి అన్నాను" అన్నారు.

బృందంలో గొడవలు నాలుగో రోజు మొదలవుతాయి. నిద్ర చాలదు, కడుపు బాగుండదు, ఒకరి పాట మరొకరికి పడదు. ఎవరికో ఇంటిమీద బెంగ పుట్టి వెళ్ళిపోతామంటారు. పెర్గే నుంచి వెనక్కి వెళ్ళిపోయిన మార్కును తర్వాత వెంట తీసుకువెళ్ళాలా వద్దా అని పౌలూ బర్నబా వాదులాడి విడిపోయారు. చివరి రోజుల్లో అదే పౌలు, మార్కు నాకు పనికివచ్చేవాడు, వెంటబెట్టుకుని రా అని రాశాడు. వెనక్కి వెళ్తానన్నవాళ్ళను వెళ్ళనివ్వండి, సాక్ష్యం చెప్పే వేదిక మీద వాళ్ళ పేరు ఎత్తకండి.

వైద్య శిబిరం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, అది నా రంగం. మొదటి శిబిరంలో ఒక్కరోజే 180 మందిని చూశాం. ఎంత పని చేశామో అని రాత్రి స్తోత్రగీతాలు పాడాం. ఆ 180 మందిలో ఒక పెద్దావిడ రక్తపోటు 190/110, చాలా ఎక్కువ. మేము తెచ్చిన, రక్తపోటు తగ్గించే అమ్లోడిపిన్ మాత్రలు 30 రోజులకు సరిపడా ఇచ్చి, రోజుకొకటి అని చేతులతో సైగ చేసి చూపించాను. ఆవిడ నా చేతులు పట్టుకుని దీవించి వెళ్ళింది. అంతా చూస్తున్న క్లినిక్ సిస్టర్ రిజిస్టరు మూసి అడిగింది: "31వ రోజు నేను ఈమెకు ఏం చెప్పాలి?" ఆ క్లినిక్‌లో ఆ మందు లేదు. మా పెట్టెలో మిగిలిన మందుల్లో సగం నాలుగు నెలల్లో గడువు తీరేవి. దానంగా పంపే మందులకు అక్కడికి చేరాక కనీసం ఒక ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అది నేను తిరిగి వచ్చాక చదివాను.

తర్వాతిసారి మందులేవీ మోసుకుపోలేదు. జిల్లా ఆసుపత్రి క్రమంగా సరఫరా చేసే మందులేవో ముందే అడిగి తెలుసుకుని, కావలసినవి అక్కడే కొన్నాం. రోజుకు 30 మందిని మాత్రమే చూశాం. మిగిలిన సమయంలో ఊరి ఆరోగ్య కార్యకర్తలు ఎనిమిది మందికి రక్తపోటు చూడడం, రిజిస్టరులో రాయడం నేర్పాం. రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడకుండా ఉండమని చెప్పి చూడాలి. ఆ ఐదు నిమిషాల ఓపిక నేర్పడానికే రెండు రోజులు పట్టింది. వాళ్ళకు కాదు, నా బృందానికి.

ఇక పెట్టె. మీ మందులు డాక్టరు చీటీతో, కొన్న అట్టపెట్టెల్లోనే ఉంచండి. కోడీన్ అనే మత్తు పదార్థం ఉన్న దగ్గు మందు కొన్ని దేశాల్లో మీరు విమానం మారే చోట కూడా చిక్కు తెస్తుంది. మోకాళ్ళు దాటే బట్టలు, టార్చి, దోమతెర, నీళ్ళు శుద్ధిచేసే మాత్రలు. పిల్లలకు పంచే మిఠాయిలూ బొమ్మలూ వద్దు. ఒకరికి దొరికి ఒకరికి దొరకక జరిగే తోపులాట చూశాక మీకే సిగ్గనిపిస్తుంది. ఇవ్వాలనుకున్నది బడి పెద్ద చేతికి ఇవ్వండి. ఫోటో తీసేముందు ఒక్కటి ఆలోచించండి. మీరు జ్వరంతో మంచంమీద ఉన్నప్పుడు పేరు తెలియని మనిషి వచ్చి తీస్తే ఒప్పుకుంటారా? నా వార్డులో ఎవరైనా అలా తీస్తే బయటికి పంపేదాన్ని.

తిరిగి వచ్చాక

ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ఎక్కడికి వెళ్ళివచ్చారో డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష అడగండి. సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు అక్కడివాళ్ళు కూడా ఆ గదిలో కూర్చుని వింటున్నారనుకుని మాట్లాడండి. "పాపం, వాళ్ళకు ఏమీ లేదు" అన్న మాట అప్పుడు నోటికి రాదు. అక్కడ ఎవరికైనా మాట ఇచ్చి ఉంటే రాసి పెట్టుకోండి. నేను మొదటిసారి ఉత్తరాలు రాస్తానని 11 మందికి చెప్పాను, ఇద్దరికి రాశాను.

నెలలోపు మిమ్మల్ని చేర్చుకున్నవాళ్ళకు రాసి, మా వల్ల పెరిగిన పని ఏమిటి, మళ్ళీ రావాలా వద్దా అని అడగండి. వద్దన్నా నొచ్చుకోమని ముందే చెప్పండి, లేకపోతే మర్యాదకు రమ్మంటారు. మా సిస్టర్ ఈ ఏడాది జవాబు పంపింది. మార్చిలో రావద్దట. వానలు మొదలై అందరూ మొక్కజొన్న విత్తే కాలం, శిబిరానికి వచ్చే తీరిక ఎవరికీ ఉండదట. మనుషులు కూడా అక్కర్లేదట. లావు చేతులకు సరిపోయే రక్తపోటు పట్టీలు రెండు కావాలని, ఉన్న ఒక్కటీ గాలి కారిపోతోందని రాసింది. చదివిస్తున్న అమ్మాయిల్లో పెద్దది ఇప్పుడు క్లినిక్‌లో మధ్యాహ్నం డ్యూటీ చేస్తోందట. పట్టీలు నిన్న పార్సిల్ చేశాను.